ఫోలేట్ ఒంటికి పడుతోందా, రక్తంలోనే తిరుగుతోందా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. పదేళ్లకు పైగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మాంసం, చేప, గుడ్డు ముట్టను. ఆరు నెలల కిందట బాగా నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6, ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 110 అని వచ్చాయి. తెలిసినవాళ్లు చెబితే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టాను. ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నాను. ఆకుకూర తినని రోజు లేదు. హిమోగ్లోబిన్ 11.4కి వచ్చింది కానీ ఎంసీవీ ఇంకా 102 దగ్గరే ఉంది. నీరసం కొంత తగ్గినా, రెండు నెలలుగా పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. చీకట్లో నడిస్తే తూలుతున్నట్టు ఉంటోంది. షుగర్ వల్లేనేమో అన్నారు. మొన్న ఫోలేట్ పరీక్ష చేయిస్తే '20 కంటే ఎక్కువ' అని వచ్చింది. మామూలు ఫోలిక్ యాసిడ్ చాలామందికి ఒంటికి పట్టదని, జన్యువులో తేడా ఉంటుందని, మిథైల్ ఫోలేట్ వాడాలని ఎక్కడో చదివాను. నేను దానికి మారాలా? మా అమ్మాయికి పెళ్లయి ఏడాది దాటింది, పిల్లల కోసం చూస్తున్నారు. తనకీ అదే ఇప్పించమంటారా?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సిన సంగతిని మీరు ప్రశ్నగా అడగనే లేదు. చీకట్లో నడిస్తే తూలుతున్నట్టు ఉంటోందన్నారు చూడండి, అది. అందుకని చేయాల్సిన పని ముందు చెప్పేసి, ఫోలేట్ దగ్గరికి తర్వాత వస్తాను. (ఫోలేట్ అంటే బి-9 విటమిన్, ఫోలిక్ యాసిడ్ అంటే మాత్రల్లో ఉండే దాని రూపం.)

ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లి బి-12 పరీక్ష చేయించుకోండి. మిథైల్ ఫోలేట్ కొనకండి. బి-12 మాత్రలు కూడా పరీక్షకి రక్తం ఇచ్చాకే మొదలుపెట్టండి. ముందే వేసుకుంటే అంకె పైకి లేచి, అసలు లోటు కనిపించకుండా పోతుంది. ఇప్పుడు వేసుకుంటున్న 5 మిల్లీగ్రాముల మాత్ర కొనసాగించాలా వద్దా అన్నది కూడా అదే రోజు అడగండి. మీ రక్తంలో ఫోలేట్ నిండుగా ఉంది కాబట్టి డాక్టర్ని కలిసేదాకా నాలుగు రోజులు అది ఆపితే కొంపలేం మునగవు. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. రాత్రి లేవాల్సి వస్తే లైటు వేసుకునే అడుగు వేయండి.

ఇక మీరడిగింది. ఒంటికి పట్టడం లేదా అని. పేగు దగ్గర మీకు ఏ ఇబ్బందీ లేదు, ఆ '20 కంటే ఎక్కువ' అన్న అంకే అందుకు సాక్ష్యం. మాత్ర లోపలికి వెళ్తోంది, రక్తంలోకి చేరుతోంది. ఆ తర్వాత, కణం లోపల, దాన్ని పనిలోకి దింపే చోట ఏదో ఆగిపోయిందని నా అనుమానం. ఈ రెండింటినీ కలిపేసి 'ఒంటికి పట్టడం లేదు' అని ఒకే మాటగా చెప్పేస్తారు. వచ్చే తికమకంతా అక్కడే. కాబట్టి నోట్లో వేసుకున్న దగ్గర్నుంచి దారి చూద్దాం.

ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఫోలేట్ ఒంటరిగా ఉండదు. ప్రతి అణువుకీ గ్లూటమేట్ అనే చిన్న ముక్కలు ఒకదాని వెనక ఒకటి అతుక్కుని తోకలా వేలాడుతుంటాయి. ఆ తోకతో అది పేగు గోడ దాటలేదు. అందుకే చిన్నపేగు పైభాగంలో, లోపలి పొర మీద ఒక ఎంజైమ్ కూర్చుని ఉంటుంది. తోకని ముక్క తర్వాత ముక్కగా కత్తిరిస్తూ చివరికి ఒక్క గ్లూటమేట్ మిగిల్చి వదులుతుంది. ఆ ఎంజైమ్ పనిచేయాలంటే జింక్ కావాలి. తోక తెగిన ఫోలేట్‌ని లోపలికి తీసుకునే ద్వారం ఇంకొకటి. అది కొంచెం ఆమ్లం ఉన్నచోటే చురుగ్గా పనిచేస్తుంది. జీర్ణాశయం దాటగానే వచ్చే పేగు భాగం సరిగ్గా అలాంటి చోటే. ఈ ద్వారం ఏ ప్రొటీనో 2006 దాకా తేలలేదు. పుట్టుకతోనే అది పాడై ఉన్న పిల్లలు అరుదుగా ఉంటారు. నెలల వయసులోనే తీవ్రమైన రక్తహీనత, వరస ఇన్ఫెక్షన్లు, నరాల సమస్యలు మొదలవుతాయి. మామూలు మోతాదులో నోటితో ఎంత ఇచ్చినా సరిపోదు, ఇంజెక్షన్లు గానీ, చాలా పెద్ద మోతాదులు గానీ తప్పవు. ఫోలేట్ నిజంగానే పేగులోంచి లోపలికి వెళ్లకపోతే పరిస్థితి అలా ఉంటుంది. సీలియాక్ లాంటి జబ్బుల్లో పేగు పొర దెబ్బతిన్నప్పుడు, మద్యం ఎక్కువైనప్పుడు, సల్ఫాసలజీన్ లాంటి కొన్ని మందులతో కూడా శోషణ తగ్గుతుంది. మీ ఉత్తరంలో అలాంటివేమీ లేవు.

మాత్రలోని ఫోలిక్ యాసిడ్‌కి అసలు తోకే ఉండదు. కత్తిరించే పని లేకుండా సూటిగా ద్వారం దగ్గరికి పోతుంది. మీరు తీసుకుంటున్నంత పెద్ద మోతాదైతే ద్వారంతో పని లేకుండా పేగు పొరలోంచి ఇంకిపోయి కూడా కొంత లోపలికి చేరుతుంది. పోషకాహార లెక్కల్లో దీనికి ఒక కొలత ఉంది. ఆహారంలోని 1 మైక్రోగ్రాము ఫోలేట్, భోజనంతో పాటు వేసుకున్న 0.6 మైక్రోగ్రాము ఫోలిక్ యాసిడ్‌తో సమానం. పరగడుపునైతే 0.5 చాలు. అంటే పేగు దాటే విషయంలో మీరు చదివింది తలకిందులు. మాత్రే ఆకుకూరకంటే తేలిగ్గా దాటుతుంది.

దాటాక మాత్రం మాత్రకి ఒక అడ్డంకి ఉంది. ఫోలిక్ యాసిడ్ ప్రకృతిలో దాదాపు దొరకని రూపం. శరీరం దాన్ని రెండు మెట్లలో మార్చుకుంటేనే వాడుకోగలదు. ఆ మార్చే ఎంజైమ్ మన కాలేయంలో నెమ్మది, పైగా మనిషికీ మనిషికీ దాని వేగంలో చాలా తేడా ఉంటుంది. ఒకేసారి కొన్ని వందల మైక్రోగ్రాములు దాటి తీసుకుంటే మారని ఫోలిక్ యాసిడ్ అలాగే రక్తంలోకి వచ్చేస్తుంది. మీ మాత్ర 5000 మైక్రోగ్రాములు. అమెరికా ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి కావలసింది ఆహారపు లెక్కలో 400. మీ రిపోర్టులో కనిపించే ఆ పెద్ద అంకెలో ఎక్కువ భాగం ఈ మాత్రల పుణ్యమే అయి ఉంటుంది. మీ కణాల్లో ఫోలేట్ పని జరుగుతోందో లేదో ఆ అంకె చెప్పదు. సీరం ఫోలేట్, అంటే కణాల బయట రక్తద్రవంలో ఉన్న ఫోలేట్, ఈ మధ్య ఏం తిన్నారో చెబుతుంది, అంతే. ఎర్రకణాల లోపలి ఫోలేట్ కొలిస్తే కొన్ని నెలల చరిత్ర తెలుస్తుంది. ఎర్రకణం ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడే దాన్ని నింపుకుంటుంది, ఆ తర్వాత 120 రోజుల జీవితంలో కొత్తగా తీసుకోదు.

నిల్వల గురించి కూడా ఒక మాట. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఫోలేట్ 15 నుంచి 30 మిల్లీగ్రాములు, అందులో సగం కాలేయంలో. కాలేయం రోజూ దాదాపు 100 మైక్రోగ్రాములు పిత్తంలోకి వదులుతుంది, పేగు దాన్ని మళ్లీ పట్టుకుంటుంది. ఇంత పొదుపుగా వాడినా నిల్వ నాలుగైదు నెలలకి మించి రాదు. విక్టర్ హెర్బర్ట్ అనే అమెరికన్ డాక్టర్ దీన్ని తన మీదే తేల్చుకున్నాడు. తినే ప్రతిదాన్నీ మూడుసార్లు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, ఫోలేట్ పోయిన పిప్పి తిన్నాడు. మూడు వారాలకి సీరం ఫోలేట్ పడిపోయింది. ఏడో వారానికి తెల్లకణాల్లో మార్పు కనిపించింది. ఎర్రకణాల్లోని ఫోలేట్ పడిపోయింది నాలుగో నెలలో, రక్తహీనత వచ్చింది నాలుగున్నర నెలలకి. 1962లో ఈ లెక్కలు ప్రచురించాడు. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఇవే చెబుతారు. ఇలాంటి ప్రయోగం ఈరోజుల్లో ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుందో అనుమానమే.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. కాలేయం నుంచి రక్తంలోకి బయల్దేరే ఫోలేట్ మామూలుగా మిథైల్ రూపంలో, అంటే మిథైల్ అనే ఒక్క కార్బన్ ముక్క తగిలి ఉంటుంది, తోకలో ఒక్క గ్లూటమేట్‌తో. మీరు చదివిన మిథైల్ ఫోలేట్ ఇదే. కణం లోపలికి అలాగే వెళ్తుంది. అక్కడ కణం చేసే పని చూస్తే నవ్వొస్తుంది. పేగు అంత కష్టపడి కత్తిరించిన తోకని కణం మళ్లీ అతికిస్తుంది. తోక లేకపోతే ఫోలేట్ వచ్చిన దారినే బయటికి జారిపోతుంది, ఉంటేనే లోపల నిలుస్తుంది. అయితే తోక అతికించే ఎంజైమ్‌కి మిథైల్ రూపం పెద్దగా నచ్చదు. ముందు ఆ మిథైల్ ముక్క ఊడాలి. అది ఊడటానికి ఒకే ఒక్క దారి ఉంది. ఒక ఎంజైమ్ దాన్ని తీసి, హోమోసిస్టీన్ అనే పదార్థానికి తగిలించి, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లంగా మారుస్తుంది. ఆ అందుకుని ఇచ్చే చేయి బి-12. అది లేకపోతే పని ఆగిపోతుంది. వెనక్కి వెళ్లే దారీ లేదు, ఎందుకంటే ఫోలేట్‌ని మిథైల్ రూపంలోకి తెచ్చే మెట్టు ఎక్కడానికే తప్ప దిగడానికి వీల్లేదు.

అప్పుడు ఫోలేట్ తాకట్టులో ఉన్న నగలాంటిది. మనదే, లెక్కలో ఉంటుంది, పెట్టుకోవడానికి మాత్రం పనికిరాదు. బి-12 లోటు ఉన్నవాళ్లలో సీరం ఫోలేట్ చాలాసార్లు మామూలుగా, కొన్నిసార్లు ఎక్కువగానే ఉండి, ఎర్రకణాల్లో తక్కువగా ఉండటానికి కారణం ఇదే. కణం పట్టి ఉంచుకోలేనిది రక్తంలో మిగిలిపోతుంది.

పనిలోకి దిగిన ఫోలేట్ చేసేదేమిటంటే, ఒక్క కార్బన్ ఉన్న ముక్కని ఒకచోట అందుకుని ఇంకోచోట తగిలించడం. వినడానికి చిన్న పనే. డీఎన్‌ఏ కట్టడానికి కావలసిన నాలుగు అక్షరాల్లో థైమిన్ తయారయ్యేది ఇలాగే. యురాసిల్ ఉన్న పదార్థానికి ఒక మిథైల్ తగిలిస్తే థైమిన్ వస్తుంది. ఫోలేట్ అందకపోతే థైమిన్ చాలదు. దాని స్థానంలో యురాసిల్ దూరుతుంది. మరమ్మతు ఎంజైములు తప్పుని గుర్తుపట్టి కత్తిరిస్తాయి. పూడ్చడానికి థైమిన్ లేదు కాబట్టి మళ్లీ యురాసిలే వచ్చి పడుతుంది. ఇలా కోసి కోసి పోగు తెగిపోతుంది. ఎముక మజ్జ సెకనుకి 20 లక్షలకి పైగా ఎర్రకణాలు చేస్తుంది కాబట్టి దెబ్బ ముందు అక్కడే కనిపిస్తుంది. కణం పెరుగుతుంది, ప్రొటీన్లు చేసుకుంటుంది, విడిపోవడానికి మాత్రం డీఎన్‌ఏ సిద్ధం కాదు. విడిపోకుండా పెరిగితే పెద్దదవుతుంది. మీ ఎంసీవీ 110కి వెళ్లిందంటే అర్థం అదే. రక్తాన్ని గాజుపలక మీద పరిచి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు పెద్దగా, కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం కేంద్రకానికి మామూలుగా మూడు నాలుగు తమ్మెలుంటాయి. ఇక్కడ ఐదు, ఆరు ఉన్నవి కనిపిస్తాయి. డాక్టర్ ఈ గాజుపలక పరీక్ష (స్మియర్) రాస్తే వద్దనకండి, తక్కువ ఖర్చుతో చాలా సంగతులు చెబుతుంది.

ఫోలేట్ ఆగితే కణం విడిపోదన్న సంగతినే ఆయుధంగా మార్చినవాళ్లున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకి సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత అక్కడే దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ చేశారు. 1948లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని చూపించాడు. ఇప్పుడు వాడే మెథోట్రెక్సేట్ ఆ కుటుంబానిదే. దాన్ని వాడుతున్నవాళ్లు ఈ సమాధానం చదివి తమ ఫోలిక్ యాసిడ్ మాత్ర ఆపేయకూడదు. వాళ్ల లెక్క వేరు.

మరి మీకు బి-12 లోటే ఉంటే, ఫోలిక్ యాసిడ్ వేసుకోగానే హిమోగ్లోబిన్ ఎందుకు పెరిగింది? ఫోలిక్ యాసిడ్‌కి మిథైల్ ముక్క ఉండదు కాబట్టి. కాలేయంలోని ఆ నెమ్మది ఎంజైమ్ దాన్ని మార్చినప్పుడు వచ్చేది సూటిగా వాడకానికి పనికొచ్చే రూపం. బి-12తో పని లేకుండానే థైమిన్ తయారీలోకి చేరుతుంది. మజ్జకి కొంత ఊపిరి అందుతుంది, హిమోగ్లోబిన్ పెరుగుతుంది, ఎంసీవీ కొంత దిగుతుంది. రిపోర్టు చూసినవాళ్లు గుణం కనిపిస్తోందంటారు. నరాలకి మాత్రం ఈ అడ్డదారి ఉపయోగపడదు. నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర బాగుండాలంటే బి-12 కావాల్సిందే. బి-12కి ఫోలేట్‌తో సంబంధం లేని ఇంకో ఎంజైమ్ పని కూడా ఉంది, దాన్ని ఎంత ఫోలిక్ యాసిడ్ పోసినా తీర్చలేం. 1940ల చివర్లోనే డాక్టర్లు ఇది కళ్లారా చూశారు. పెర్నీషియస్ అనీమియా (బి-12 ఒంట్లోకి చేరక వచ్చే రక్తహీనత) ఉన్నవాళ్లకి కొత్తగా వచ్చిన ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం బాగుపడింది, కాళ్లు మొద్దుబారడం, నడక చెడటం మాత్రం ముదిరాయి. ఫోలిక్ యాసిడ్‌కి రోజుకి 1000 మైక్రోగ్రాముల గరిష్ఠ పరిమితి పెట్టడానికి ముఖ్య కారణం ఇదే. మీరు ఆరు నెలలుగా దానికి ఐదు రెట్లు వేసుకుంటున్నారు.

చీకట్లో తూలడం దగ్గర నేను ఎందుకు ఆగానో ఇప్పుడు చెప్పొచ్చు. కాలు ఎక్కడుందో, మోకాలు ఎంత వంగిందో మెదడుకి కబురు చేరవేసే నరాల కట్టలు వెన్నుపాము వెనక భాగంలో ఉంటాయి. బి-12 లోటు దెబ్బకొట్టేది ముఖ్యంగా వాటినే. వెలుతురులో కళ్లు ఆ లోటుని పూడుస్తాయి, చీకట్లో పూడ్చలేవు. డాక్టర్ మిమ్మల్ని పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమంటే పరీక్షించేది దీన్నే. కొడితే కంపించే ట్యూనింగ్ ఫోర్కుని కాలి బొటనవేలి దగ్గర ఆనిస్తే వణుకు తెలుస్తోందా లేదా అని కూడా చూస్తారు.

షుగర్ వల్ల అయి ఉండొచ్చా అంటే, ఉండొచ్చు. షుగర్ పాదాల నరాల్ని దెబ్బతీస్తుంది, అందులో సందేహం లేదు. కానీ షుగర్ ఎంసీవీని 110కి తీసుకెళ్లదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగు చివరి భాగంలో బి-12 శోషణ తగ్గుతుంది. దీన్ని వాడేవాళ్లకి, ముఖ్యంగా రక్తహీనత, తిమ్మిర్లు ఉన్నవాళ్లకి, అప్పుడప్పుడు బి-12 పరీక్ష చేయించే ఆలోచన చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. దానికి తోడు బి-12 మొక్కల్లో ఉండదు. మాంసం, చేప, గుడ్డు తినని మీకు పాలపదార్థాల నుంచి వచ్చేదే గతి. బి-12 నిల్వలు కాలేయంలో ఏళ్లకేళ్లు ఉంటాయి కాబట్టి లోటు బయటపడటానికీ ఏళ్లు పడుతుంది. తిమ్మిర్లు అనగానే షుగర్ ఖాతాలో రాసేసి ఊరుకోవడం నాకు మింగుడుపడని అలవాటు. షుగర్ వల్ల పోయిన నరం మళ్లీ రావడం కష్టం. బి-12 లోటు వల్ల దెబ్బతిన్నది తొందరగా పట్టుకుంటే చాలావరకు కోలుకుంటుంది.

పరీక్షలో బి-12 మిల్లీలీటరుకి 200 పికోగ్రాములకంటే తక్కువ వస్తే లోటు ఉన్నట్టే లెక్క. 200 నుంచి 300 మధ్య వస్తే అది తేలని ప్రాంతం. అప్పుడు మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్ష అడగండి. బి-12 లేక ఆ రెండో ఎంజైమ్ ఆగిపోతే అది పెరుగుతుంది, ఫోలేట్ లోటులో పెరగదు. కిడ్నీలు సరిగా లేకపోయినా పెరుగుతుంది కాబట్టి క్రియాటినిన్ రిపోర్టు కూడా వెంట తీసుకెళ్లండి. హోమోసిస్టీన్ మాత్రం బి-12, ఫోలేట్ రెండిట్లో ఏది తక్కువైనా పెరుగుతుంది, అదొక్కటే చూసి తేల్చలేం. థైరాయిడ్, కాలేయం పరీక్షలు కూడా చేయిస్తారు, ఎంసీవీ పెరగడానికి అవీ కారణాలే. లోటు తేలితే, నరాల లక్షణాలున్నాయి కాబట్టి మొదట ఇంజెక్షన్లే పెడతారు. తిమ్మిర్లు తగ్గడానికి నెలలు పట్టొచ్చు, రెండు వారాల్లో గుణం లేదని మానేయకండి. ఒకవేళ బి-12 బాగానే ఉందని తేలితే నా అనుమానం తప్పు. అప్పుడు ఎంసీవీకి, తిమ్మిర్లకి వేరు వేరు కారణాలు వెతకాల్సి ఉంటుంది. ఏదేమైనా ఇంకో రకం ఫోలేట్ అయితే జవాబు కాదు.

మిథైల్ ఫోలేట్ విషయంలో తమాషా ఏమిటంటే, బి-12 లోటు ఉన్నవాళ్లలో సరిగ్గా ఇరుక్కుపోయే రూపమే అది. మీరు దానికి మారితే తాకట్టు పెరుగుతుందే తప్ప వాడకానికి ఏమీ రాదు. 'ఇది బి-12 లోటుని కప్పిపెట్టదు' అని అమ్మేవాళ్లు చెబుతారు. ఒక రకంగా నిజమే. కప్పిపెట్టదు, తీర్చదు కూడా.

జన్యువు సంగతి కొంచెం చెబుతాను, ఎందుకంటే ఎక్కువ భయపెడుతున్నది అదే. ఫోలేట్‌ని మిథైల్ రూపంలోకి మార్చే ఎంజైమ్ పేరు ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్. దాని జన్యువులో 677వ స్థానంలో ఒక అక్షరం మారి ఉండటం చాలా మామూలు విషయం, జబ్బు కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ మారినవే వస్తే ఆ ఎంజైమ్ చురుకుదనం మామూలులో మూడో వంతుకి పడిపోతుంది. వినడానికి ఘోరంగా ఉంటుంది. రక్తంలో చూస్తే తేడా అంత లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పే ప్రకారం, ఒకే మోతాదు ఫోలిక్ యాసిడ్ తీసుకున్నప్పుడు అలాంటివాళ్ల రక్తంలో ఫోలేట్ మిగతావాళ్లకంటే 16 శాతం తక్కువ ఉంటుంది, అంతే. వాళ్లు ఫోలిక్ యాసిడ్‌ని వాడుకోగలరు. పైగా ఫోలిక్ యాసిడ్ థైమిన్ తయారీకి చేరడానికి ఈ ఎంజైమ్‌తో పనే లేదు. ఆ ఎంజైమ్‌కి తోడుగా ఉండేది బి-2 విటమిన్, అది లోటు లేకుండా చూసుకుంటే మంచిది. మీ విషయంలో ఈ జన్యు పరీక్ష వల్ల చికిత్స మారేదేమీ లేదు. ఆ డబ్బుతో బి-12, మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్షలు చేయించుకోవడం మేలు.

ఆకుకూరలు మానొద్దు. అరకప్పు ఉడికించిన పాలకూరలో దాదాపు 130 మైక్రోగ్రాములు, కప్పు ఉడికిన మసూర్ పప్పులో 350 పైచిలుకు ఉంటుంది. పప్పుల్ని జనం ఈ లెక్కలో మర్చిపోతారు. ఫోలేట్ నీళ్లలో కరుగుతుంది, వేడికి పాడవుతుంది. కూరని నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే సగం దాకా పోవచ్చు. ఆవిరి మీద ఉడికిస్తే, లేదా ఉడికిన నీళ్లు కూరలోనే కలిసిపోయేట్టు వండితే పోయేది తక్కువ.

ఇక మీ అమ్మాయి. తనకి ఫోలిక్ యాసిడే ఇప్పించండి, రోజుకి 400 మైక్రోగ్రాములు. మీ 5 మిల్లీగ్రాముల పట్టీలోంచి తీసి ఇవ్వొద్దు. గర్భం నిలిచిన 28 రోజుల్లోనే బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం మూసుకోవడం పూర్తవుతుంది. నెల తప్పిందని తెలిసే సరికే ఆ గడువు దాదాపు అయిపోయి ఉంటుంది, అందుకే ముందునుంచీ వేసుకోవాలనేది. నెల ముందు అన్నది కనీసం. ఎర్రకణాల్లో ఫోలేట్ తగినంత పేరుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి అనుకున్న రోజు నుంచే మొదలుపెట్టి, గర్భం వచ్చాక 12 వారాల దాకా కొనసాగించడం మంచిది. మిథైల్ ఫోలేట్ కూడా రక్తంలో ఫోలేట్‌ని పెంచుతుంది, కాదనను. కానీ బిడ్డ వెన్నులోపాల్ని నివారిస్తుందని ప్రయోగాల్లో రుజువైంది ఫోలిక్ యాసిడే. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి జరిపిన పరీక్షలో, అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకి రోజుకి 4 మిల్లీగ్రాములు ఇస్తే మళ్లీ ఆ లోపం రావడం 72 శాతం తగ్గింది. పక్కా రుజువు ఉన్నదాన్ని వదిలి ఇంకోదాని వెంట పోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

తనూ మీలాగే మాంసం, చేప, గుడ్డు తినకపోతే గర్భానికి ముందే తన బి-12 కూడా చూపించండి. ఫిట్స్ మందులు వాడుతున్నా, షుగర్ ఉన్నా, కుటుంబంలో ఎవరికైనా వెన్నులోపంతో బిడ్డ పుట్టి ఉన్నా 400 చాలకపోవచ్చు. ఆ మోతాదు గైనకాలజిస్టే రాయాలి. మల్టీవిటమిన్ ఏదైనా ముందే వాడుతుంటే ఆ డబ్బా కూడా పట్టుకెళ్లమనండి. అందులో ఫోలిక్ యాసిడ్ ఎంతుందో చూశాకే ఇంకో మాత్ర అవసరమో కాదో తేలుతుంది.